అబిడ్సు వీధిలో బాలల పుస్తకములు

హైదరాబాదు నగరమున అబిడ్సు వీధి ఆదివారము నాడు క్రొత్త రూపు దాల్చును. అంగళ్లు మూసియుండగా, వాని ముందరి కాలిబాటలపై పాత పుస్తకములను పరచి విక్రయింతురు. పెద్ద తపాలాఫీసు చెంతనుండి నడచుచు పోయినచో పిల్లల పుస్తకములును రాసులుగా కనబడును. వెల స్వల్పమే, మంచిదానిని ఏరుకొనుటయే పని.

సోదరీమణులారా! అట్టపైని రంగులు చూచి భ్రమింపవలదు. లోపల తెరచి చూడుడు. అక్షరములు పెద్దవిగా, పంక్తులు ఎడముగా ఉండవలెను. అల, వల, పడవ వంటి మాటలతో మొదలై, గుణింతములును పిదప వత్తులును క్రమముగా వచ్చునది మేలు. బొమ్మ మాటకు సరిపోవలెను. పాతది గనుక పుటలన్నియు ఉన్నవో లేవో చూచుకొనుడు.

పిమ్మట బిడ్డచేతనే ఒక పుట చదివింపుడు. అయిదు మాటలకు తడబడినచో ఆ పుస్తకమునకు ఇంకను కాలము రాలేదన్నమాట. అందని పుస్తకము చేతికిచ్చి, చదువరాదని కసరితిమేని, లోపము తనలోనే యున్నదని బిడ్డ తలచును, చదువన్ననే వెనుదీయును. అక్కడనే నిలిచి, తానై చదువుకొని, నవ్వి, రెండవ పుట త్రిప్పిన పుస్తకమును కొనిపెట్టుడు.