అయిదు డాలర్ల వాటా

మొన్న సంక్రాంతి విందులో పులిహోర పళ్లెం పట్టుకుని నా పక్కన కూర్చున్న ఒక కుర్రాడు, "అంకుల్, ఇక్కడ ఖాతా బ్యాంకులో తెరిస్తే మంచిదా, క్రెడిట్ యూనియన్‌లోనా?" అని అడిగాడు. అతను వచ్చి ఆరు నెలలు కాలేదట. నేను ఆలోచించకుండానే, "క్రెడిట్ యూనియన్‌లోనే బాబూ, అది మనది" అనేశాను. తిరిగి వచ్చేటప్పుడు కారులో మా ఆవిడ, "అంత తేలిగ్గా చెప్పేశారేమండీ? అసలు సంగతి చెప్పలేదేం?" అంది. ఆ అసలు సంగతి చెబుదామనే ఈ నాలుగు మాటలు.

నేను ఈ దేశం వచ్చింది 1978 అక్టోబరులో. ఒహాయోలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం. బస్సు దిగి గేటు దాకా మైలున్నర నడక. మంచు పడడం మొదలయ్యేసరికి కారు కొనక తప్పలేదు. చూసిపెట్టుకున్న పాత కారు ఖరీదు 1,800 డాలర్లు. జీతం కాగితాలు పట్టుకుని పక్క వీధిలో ఉన్న బ్యాంకుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే కూర్చోబెట్టి, "ఇదివరకు ఈ దేశంలో ఎక్కడైనా అప్పు చేశారా?" అని అడిగాడు. ఒక్క పైసా లేదని గర్వంగా చెప్పాను. అదే తప్పయింది. అప్పు చేసి తీర్చిన దాఖలా లేనివాడికి అప్పు పుట్టదట. మన దగ్గర అప్పు లేకపోవడం పరువు, ఇక్కడ అదొక లోపం.

ఈ మాట ఫ్యాక్టరీలో మిషన్ల దగ్గర పనిచేసే ఒక పెద్దాయనతో చెప్పుకుంటే నవ్వి, "క్యాంటీన్ పక్కన చిన్న గది ఉందిగా, అక్కడికి వెళ్లు" అన్నాడు. వెళ్లాను. రెండు బల్లలు, ఒక ఇనప్పెట్టె, ఒకావిడ. అదే మా ఫ్యాక్టరీ క్రెడిట్ యూనియన్. అయిదు డాలర్లు కడితే ఒక వాటా, ఒక ఓటు. అయిదు వేలు దాచుకున్నవాడికైనా ఓటు ఒక్కటే. అప్పుల సంగతి చూసేది ముగ్గురు: ఒక ఫోర్‌మన్, జీతాల విభాగంలో ఒక గుమాస్తా, ఫ్యాక్టరీ నర్సు. ముగ్గురూ సభ్యులే. ఆ పనికి వాళ్లకు జీతం లేదు.

ఫోర్‌మన్ నన్ను ఒకటే అడిగాడు: "ఇంటికి నెలకెంత పంపుతావు?" చెప్పాను. "సరే, అది ఆపకుండా కట్టగలిగినంతే వాయిదా పెట్టండి" అన్నాడు మిగతా ఇద్దరితో. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఫెడరల్ క్రెడిట్ యూనియన్లు నెలకు నూటికి ఒకటి కన్నా ఎక్కువ వడ్డీ తీసుకోరాదని అప్పట్లో చట్టం. మన ఊళ్లలో రూపాయి వడ్డీ అంటాం చూడండి, సరిగ్గా అదే. 1987 నుంచి ఆ హద్దు ఏడాదికి 18 శాతం, అంటే రూపాయిన్నర వడ్డీ. బ్యాంకుల క్రెడిట్ కార్డుల మీద ఇవాళ 20 శాతం దాటిన వడ్డీలు చూస్తున్నాం కనుక, ఈ రూపాయిన్నర హద్దు చిన్న విషయం కాదు.

కారు కొన్నానని నాన్నగారికి ఉత్తరం రాస్తూ ఈ గది సంగతి కూడా రాశాను. ఆయన కృష్ణా జిల్లాలో మూడెకరాల రైతు, ఊరి సహకార పరపతి సంఘంలో సభ్యులు. "ఇందులో వింతేముంది, అది మన సొసైటీయే కదా. మహాజన సభ ఎప్పుడో కనుక్కుని తప్పకుండా వెళ్లు" అని జవాబు రాశారు. మొదటి మాటకు నవ్వుకున్నాను. రెండో మాట పట్టించుకోలేదు.

నాన్నగారు అన్నది అక్షరాలా నిజమని చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. 1860లలో జర్మనీలో రైఫైజెన్ అనే ఆయన పల్లెటూరి రైతుల చేత పరపతి సంఘాలు పెట్టించాడు. ఆ పద్ధతి మన రైతులకు పనికివస్తుందేమో చూడమని 1890లలో మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారికి అప్పగించింది. ఆయన నివేదిక దారి చూపగా 1904లో ఇండియాలో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. బోస్టన్‌లో పెద్ద బట్టల దుకాణం నడిపే ఎడ్వర్డ్ ఫైలీన్ 1907లో ప్రపంచ యాత్రకు బయలుదేరి, బెంగాల్ పల్లెల్లో అలాంటి సంఘాలను చూశాడు. తిరిగి వచ్చి, 1909లో మసాచుసెట్స్ రాష్ట్రం క్రెడిట్ యూనియన్ చట్టం చేయడానికి తోడ్పడ్డాడు. ఇంకో వేరు కెనడాలో ఉంది. క్యూబెక్‌లో 1900లో ఇలాంటి సంఘం స్థాపించిన అల్ఫోన్స్ డెజార్డాన్ సాయంతోనే 1908లో న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌లో మిల్లు కార్మికుల కోసం ఈ దేశపు మొదటి క్రెడిట్ యూనియన్ పుట్టింది. దేశమంతటికీ వర్తించే చట్టం మీద రూజ్వెల్ట్ సంతకం చేసింది 1934లో. కాబట్టి మా ఊరి సొసైటీకీ, ఒహాయో క్యాంటీన్ పక్క గదికీ తాతగారు ఒక్కరే.

ఇక ఉద్యోగుల సంగతి. ఇది మా ఆవిడ చెప్పవలసిన కథ, ఆమె అనుమతితో నేను రాస్తున్నాను. 1986లో ఆమె ఒక బ్యాంకు బ్రాంచిలో టెల్లర్‌గా చేరింది. మొదట్లో బాగానే ఉండేది. తొంభైలలో ఆ బ్యాంకును ఇంకో పెద్ద బ్యాంకు కొన్నది. అప్పటి నుంచి డబ్బు సరిగా లెక్కపెట్టడం ఒక్కటే చాలలేదు. వారానికి ఇన్ని కొత్త ఖాతాలు, ఇన్ని కార్డులు అంటగట్టాలి. సోమవారం పొద్దున గోడ మీద అందరి పేర్లూ, ఎదురుగా అంకెలూ. చెక్కు మార్చుకోవడానికి వచ్చిన ముసలావిడను నిలబెట్టి కార్డు గురించి చెప్పకపోతే మేనేజరు పిలిచి అడిగేవాడు. మన సంఘం విందులకు కూడా ఆమె ఆ దరఖాస్తులు పట్టుకొచ్చేది. పాతవాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మీలో ఎంతమంది అవసరం లేకపోయినా మొహమాటానికి సంతకాలు పెట్టారో ఆమెకు ఇంకా గుర్తు. "వాళ్లు నా కోసం పెట్టారు, నేను ఆ గోడ కోసం పెట్టించాను" అంటుంది.

2016లో వెల్స్ ఫార్గో బ్యాంకు వ్యవహారం బయటపడినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. ఖాతాదారులకు తెలియకుండానే వాళ్ల పేర్ల మీద లక్షల ఖాతాలు తెరిచారు. 18 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా పడింది. 5,300 మంది ఉద్యోగులను తీసేశామని బ్యాంకే చెప్పింది. మా ఆవిడ పనిచేసింది ఆ బ్యాంకులో కాదు గాని, ఆమె మాత్రం ఆశ్చర్యపోలేదు. "అంకెలు పైవాళ్లు వేస్తారు, తప్పు కింద కూర్చున్నవాళ్లు చేస్తారు" అంది.

1999లో ఆమె ఆ ఉద్యోగం మానేసి మా క్రెడిట్ యూనియన్‌లో చేరింది. గంటకు వచ్చే జీతం కొంచెం తగ్గింది. అయితే గోడ మీద అంకెలు లేవు. వచ్చేవాళ్లు ఆమెకు పేరుపేరునా తెలుసు. ఎవరికైనా రెండు నెలల వాయిదా తప్పితే నోటీసు పంపేముందు ఫోను చేసేది. ఫ్యాక్టరీలో షిఫ్టులు తగ్గించిన ఏడాది అలా ఎంతమందికి గడువు పెంచారో నాకు తెలుసు. అక్కడివాళ్లు ప్రత్యేకంగా మంచివాళ్లని కాదు. బ్యాంకులోనూ ఆమెకు మంచి స్నేహితురాళ్లు ఉండేవారు. తేడా అల్లా యజమాని ఎవరన్నదే. బ్యాంకుకు వచ్చిన లాభం వాటాలు కొన్నవాళ్లది. వాళ్లు ఎక్కడో ఉంటారు, ఆ ముసలావిడ ఎవరో వాళ్లకు తెలియదు. క్రెడిట్ యూనియన్‌లో ఆ ముసలావిడే వాటాదారు.

ఇక్కడ ఆపేస్తే ఆ కుర్రాడికి నేను చెప్పిన జవాబు సరిపోయేది. కాని సహకారం అని బోర్డు కట్టినంత మాత్రాన మంచితనం దానంతట అది రాదు. వెల్స్ ఫార్గో గొడవ జరిగిన మరుసటి నెలలోనే, దేశంలోకెల్లా పెద్ద క్రెడిట్ యూనియన్ అయిన నేవీ ఫెడరల్, బాకీల వసూలులో సభ్యులను తప్పుడు బెదిరింపులతో హడలగొట్టిందని తేలింది. 2 కోట్ల 85 లక్షల డాలర్లు కట్టవలసి వచ్చింది. న్యూయార్క్ సంగతి ఇంకా బాధాకరం. అక్కడ టాక్సీ నడపడానికి మెడాలియన్ అనే లైసెన్సు కావాలి. దాని ధర 2014 ప్రాంతంలో పది లక్షల డాలర్లు దాటింది. టాక్సీవాళ్లకు సేవ చేసే లోమ్‌టో, మెల్‌రోజ్ వంటి క్రెడిట్ యూనియన్లు ఆ ధరను నమ్మి, తీర్చలేనంత అప్పులిచ్చాయి. ధర కూలిపోయింది. 2018లో ప్రభుత్వ నియంత్రణ సంస్థ ఆ రెండింటినీ మూసేసింది. అప్పులపాలైన డ్రైవర్లలో మన దేశం వాళ్లు, బంగ్లాదేశ్, పాకిస్తాన్ వాళ్లు ఎందరో. "నెలకెంత పంపుతావు? అది ఆపకుండా కట్టగలవా?" అని అడిగే ఫోర్‌మన్ వాళ్లకు దొరకలేదు.

బ్యాంకులవాళ్ల ఫిర్యాదు కూడా ఒకటుంది. క్రెడిట్ యూనియన్లకు ఫెడరల్ ఆదాయపు పన్ను లేదు. అంత పెద్దవైన తర్వాత కూడా ఆ మినహాయింపు ఎందుకని వాళ్లు అడుగుతారు. అందులో కొంత న్యాయం లేకపోలేదు. సభ్యుల సంస్థ కాబట్టి ఆ మినహాయింపు. సభ్యులు పట్టించుకోకపోతే అది ఏ సంస్థ?

నా కథ ఇక్కడికే వస్తోంది. 2012 వసంతంలో మా ఇంటి టపాలో ఒక కవరు వచ్చింది. మా క్రెడిట్ యూనియన్‌ను పక్క జిల్లాలోని పెద్దదానిలో కలపాలని ప్రతిపాదన, లోపల ఓటు కాగితం. ఇలాంటివి దేశమంతటా జరుగుతూనే ఉన్నాయి. 1969లో దాదాపు 24 వేల క్రెడిట్ యూనియన్లు ఉండేవి. నేడు అయిదు వేల లోపే. మా ఆవిడ తన కాగితం నింపి, వద్దని రాసి, తిరుగు టపాలో పంపింది. నా కాగితం బల్ల మీద పెట్టింది. నేను దాన్ని కరెంటు బిల్లులతో పాటు పక్కకు తోశాను. రెండు వారాల తర్వాత బల్ల సర్దుతూ, గడువు దాటిపోయిందని చూసి చెత్తబుట్టలో వేశాను. వేలమంది సభ్యులున్న సంఘంలో ఓటు వేసింది కొన్ని వందలమంది. ప్రతిపాదన నెగ్గింది. ఏడాది తిరగకుండా మా బ్రాంచి మూసేశారు. అక్కడ పనిచేసే నలుగురికీ నలభై మైళ్ల అవతల ఉద్యోగం ఇస్తామన్నారు. మా ఆవిడకు అప్పటికి 57 ఏళ్లు. మంచులో ఆ దూరం కారు నడపలేనని మానేసింది.

నా ఒక్క ఓటుతో ఫలితం మారేది కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా 34 ఏళ్లలో నేను వార్షిక సమావేశానికి వెళ్లింది ఒక్కసారి, అదీ లాటరీలో టీవీ ఇస్తున్నారంటే. మా నాన్నగారు చదివింది అయిదో తరగతి. మహాజన సభ రోజున ఉతికిన పంచె కట్టుకుని, పొలం పని మానుకుని మరీ వెళ్లేవారు. సొసైటీలో మోతుబరుల పెత్తనం ఉండేది, మొండి బాకీలూ ఉండేవి. ఆయన లేచి లెక్క అడిగేవారు. ఒకసారి ఎరువుల బస్తాల లెక్క తేలేదాకా సభను కదలనివ్వలేదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. అడిగేవాడు ఒకడున్నాడన్న భయం గుమాస్తాకు ఉండేది. నాకు ఇంజనీరు చదువు, కారు, ఇల్లు అన్నీ ఉన్నాయి. లేనిదల్లా ఆ ఒక్క సాయంత్రం.

ఆ కుర్రాడికి ఇప్పుడు నా జవాబు ఇది. బాబూ, నీ డబ్బు భద్రత మాటకొస్తే తేడా లేదు. ఫెడరల్ బీమా ఉన్నదైతే రెండు చోట్లా 2,50,000 డాలర్ల దాకా హామీ ఉంది. ఊరూరా బ్రాంచీలు, వ్యాపారానికి పెద్ద అప్పులు కావాలంటే బ్యాంకే నయం కావచ్చు. మొదటి కారు అప్పుకు, కష్టకాలంలో గడువుకు క్రెడిట్ యూనియన్ తలుపు ముందు తట్టు. అయితే ఆ అయిదు డాలర్ల వాటాతో పాటు ఒక పని కూడా నీ మీద పడుతుంది. అది చేయకపోతే అదీ ఒక బ్యాంకే, పేరు మాత్రం వేరు.

ఈ మాట మన సంఘానికీ తగులుతుందని సంపాదకులు అనుకుంటే తప్పు నాది కాదు. పోయిన ఏడు మన సర్వసభ్య సమావేశంలో కోరం కోసం భోజనాలు అరగంట ఆపవలసి వచ్చింది.

మేము ఇప్పటికీ ఆ కలిపేసిన క్రెడిట్ యూనియన్‌లోనే సభ్యులం. ఏప్రిల్‌లో దాని వార్షిక సమావేశం ఉంది. నలభై మైళ్లు. మా ఆవిడా నేనూ వెళ్తున్నాం. బ్రాంచీలు మూసేటప్పుడు అక్కడి ఉద్యోగులకు ఏం చేస్తున్నారో ఆమె లేచి అడుగుతానంటోంది. ఆ కుర్రాడికి ఫోను చేశాను, వస్తానన్నాడు. కారులో ఇంకా ఇద్దరికి చోటుంది.