పాత ఖబరస్తాన్ రిజిస్టర్

షబే బరాత్ వచ్చిందంటే మా వూరి ఖబరస్తాన్‌కు కళ వస్తుంది. గేటుకు సున్నం, దారిలో మొరం, వేపచెట్టుకు ట్యూబులైట్లు. మగవాళ్లంతా ఇషా నమాజ్ చదివి, పూలు, అగర్‌బత్తీలు పట్టుకుని తమ తమ వాళ్ల ఖబర్ల దగ్గరికెళ్లి ఫాతిహా చదువుతారు. ఆ వెలుగు వేపచెట్టు దాకే. దానవతల పడమటి గోడ వరకూ సర్కారు తుమ్మ. అందులోనూ ఖబర్లున్నాయని అందరికీ తెలుసు. ఎవరివో ఎవరికీ తెలియదు. మా వూరికి మొదట వచ్చిన ముసల్మాన్ ఖాందాన్ల వాళ్లు అక్కడే ఉన్నారని పెద్దలు చెప్పేవారు. అబ్బా అటు తిరిగి చేతులెత్తి "వాళ్లందరికీ" అని ఒకే దుఆలో కలిపేసేవారు. మా దాదీ ఆ "వాళ్లందరి"లోనే ఉంది.

2025లో షబే బరాత్ అయిన నాలుగు రోజులకు మసీదు కమిటీ కూర్చుంది. కొత్త మయ్యత్‌లకు జాగా లేదు, జేసీబీ తెచ్చి తుమ్మంతా పెరికించి, ఆ భాగం చదును చేద్దామన్నారు. సదర్ సాబ్ మాటలో తప్పేమీ లేదు. పాత ఖబర్‌లో మయ్యత్ మట్టిలో కలిసిపోయాక అక్కడే ఇంకొకరిని దఫన్ చేయడం జాయిజేనని ఉలమా చెబుతారు. పట్నాల్లో ఎన్నో ఖబరస్తాన్‌లు అలాగే నడుస్తున్నాయి. అందుకే నేను అడ్డం పడలేదు. బక్రీద్ దాకా గడువివ్వండి, అక్కడ ఎవరెవరున్నారో రాసుకుంటానని మాత్రం అడిగాను.

"రాసి ఏం చేస్తావ్?" అన్నారు ఒకరు.

నా దగ్గర జవాబు లేదు. "అఖ్బార్ వాలా కదా, రాసుకోనీ" అని మరొకరు నవ్వితే, ఆ నవ్వు మీదే ఇజాజత్ దొరికింది.

ఇంటర్ చదివే పిల్లలు నలుగురు, కూలీకి వచ్చే ఇద్దరు, నేను. తుమ్మను పెరకనివ్వలేదు. వేర్లు ఖబర్ల కిందికి పోయి ఉంటాయి, లాగితే రాయితో సహా లేస్తుంది. నేలకు ఆనించి కోశాం. కోసిన కొద్దీ వరసలు బయటపడ్డాయి. తల ఉత్తరానికి, మొహం ఖిబ్లాకు, అంటే మనకు పడమరకు. కొన్నింటి మీద ఇంకా తావీజ్ రాళ్లున్నాయి. పైన కలందాన్‌లా ఉబ్బెత్తు ఉంటే మగమనిషి ఖబర్, పలకలా చదునుగా తఖ్తీ ఉంటే ఆడమనిషి ఖబర్. పిల్లలకు ఇది చెబితే ఒకడు, "అంటే రాసేది మగాడు, రాయించుకునేది ఆడదా చాచా?" అన్నాడు. వాడికేం చెప్పాలో తోచలేదు. ఆ మాట తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

మరొకడు ఉత్సాహం కొద్దీ బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చాడు. చేతిలోంచి లాక్కున్నాను. షాబాదు బండ అంటే సున్నపురాయే. యాసిడ్ పడితే నాచుతో పాటు అక్షరమూ పోతుంది. ఇనప బ్రష్ కూడా వద్దన్నాను. మంచినీళ్లు, మెత్తటి కుంచె, అంతే. ఫజర్ అయిపోయాక ఎండ ఏటవాలుగా పడే వేళ, చాలకపోతే పక్కనుంచి అద్దంతో వెలుగు కొట్టించి ఫోటో తీస్తే, మధ్యాహ్నం కనిపించని గీతలు కనిపిస్తాయి. రెండు కతబాలైతే అసలు ఖబర్ల మీదే లేవు. గేటు పక్కన వజూ చేసే కుళాయి కింద బోర్లా పరిచి ఉన్నాయి. ఎన్నేళ్లుగా వాటి మీదే కాళ్లు కడుక్కుంటున్నామో.

పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. రెండూ కలిసి ఎక్కడ పనికొస్తాయా అనుకునేవాణ్ని. ఇక్కడ పనికొచ్చాయి, చాల్లేదు కూడా. ఒక రాయి మీద పేరు అరిగిపోయింది. "మున్షీ" అన్న మాట మిగిలింది, కింద 1357 అని ఉంది. దాని పక్కన ఉండాల్సిన ఒక్క అక్షరం పెచ్చు ఊడిపోయింది. అక్కడ "హే" ఉండి ఉంటే హిజ్రీ, అంటే 1938-39. "ఫే" ఉండి ఉంటే ఫస్లీ. నిజాం సర్కారు దఫ్తర్లలో నడిచిన లెక్క అది. దానికి 590 కలుపుకుంటే దాదాపుగా మన సంవత్సరం వస్తుంది. 1357 ఫస్లీ 1947 అక్టోబర్‌లో మొదలైంది. ఆ సాలు ముగియబోతుండగానే, 1948 సెప్టెంబర్‌లో, పోలీస్ యాక్షన్ జరిగింది.

ఒక్క అక్షరం. హిజ్రీ అయితే ఆయన రోగంతోనో ముసలితనంతోనో పోయాడనుకోవచ్చు. ఫస్లీ అయితే ఇంకేదైనా అయి ఉండొచ్చు. మున్షీల ఇల్లని పిలిచే ఇంటికెళ్లి అడిగాను. ఆ ఇంటి పెద్దాయన చాయ్ తెప్పించి, నేను ప్రశ్న పూర్తి చేయకముందే "బుఖార్ వచ్చి పోయాడట" అన్నాడు. ఏ సంవత్సరమని అడిగితే మాట మార్చాడు. వార్తలు రాసేవాణ్ని, ఇంకో రెండు ప్రశ్నలు వేయడం చేతకాక కాదు. వేయలేదు. రిజిస్టర్‌లో "1357, పక్క అక్షరం పగిలింది" అని మాత్రమే రాశాను.

ఇంకో రాయి మీద అంకెలే లేవు. ఒకే ఒక్క మాట, "మగ్‌ఫూర్". క్షమాపణ పొందినవాడని అర్థం, చనిపోయినవాళ్ల గురించి మామూలుగా వాడేదే. అయితే మన పెద్దలు అబ్జద్ లెక్కలో మాటల్లోనే సంవత్సరం దాచేవారు. మీమ్ 40, గైన్ 1000, ఫే 80, వావ్ 6, రే 200. కూడితే 1326. హిజ్రీ 1326 రంజాన్‌లోనే, 1908 సెప్టెంబర్ 28న, హైదరాబాద్‌లో మూసీ తుగ్యానీ వచ్చింది. అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతుర్నీ పోగొట్టుకున్న వరద అదే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారాక తగ్గించుకున్నాను. ఆ మాట తారీఖ్ కోసమే చెక్కారనడానికి రుజువేదీ? ఉత్త దుఆ కూడా కావొచ్చు. అందుకని లెక్కను మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసి వదిలేశాను.

ఇంతలో మస్లా లేచింది. ఖబర్లను పక్కా చేస్తున్నారని ఎవరో ఇమామ్ సాబ్ చెవిన వేశారు. ఆయన వచ్చి, ఖబర్ల మీద గచ్చు చేయడాన్నీ కట్టడాలు కట్టడాన్నీ హుజూర్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మనా చేశారని గుర్తు చేశారు. సిమెంటు సంచి ఒక్కటి కూడా లేదని చూపించాను. కాసేపు తిరిగి చూసి, ఒక మట్టి దిబ్బ దగ్గర ఆగి, ఆయనే ఇంకో మాట చెప్పారు. బఖీలో దఫనైన మొట్టమొదటి ముహాజిర్ ఉస్మాన్ బిన్ మజూన్ (రజియల్లాహు అన్‌హు). ఆయన తల దగ్గర హుజూర్ స్వయంగా ఒక రాయి మోసుకొచ్చి పెట్టారు, తన సోదరుడి ఖబర్‌ను గుర్తుపట్టడానికి. "గుర్తు వరకు పర్వాలేదు, మహల్ వద్దు" అన్నారు ఇమామ్ సాబ్. ఆ మర్నాటి నుంచి ఫజర్ తర్వాత ఆయన కూడా వచ్చి అరబ్బీ చదివిపెట్టారు.

కానీ రాళ్లెన్ని? లెక్కకొచ్చిన ఖబర్లు రెండొందలు దాటాయి. చదవగలిగిన రాళ్లు ముప్పై కూడా లేవు. మిగతావాళ్లు బీదవాళ్లు. రాయి పెట్టే స్తోమత ఎక్కడిది? మా దాదీకీ రాయి లేదు.

అప్పుడు గోర్కన్ చాచాను తీసుకొచ్చాం. చూపు సరిగా లేదు, నడక మనవడి భుజం మీద. చదువు రాదు. యాభై ఏళ్లు ఈ ఊరి ఖబర్లు తవ్విన మనిషి. వేపచెట్టు దగ్గర నిలబెడితే అడుగులు కొలుచుకుంటూ పోయాడు. "ఇక్కడ అత్తర్‌వాలా. ఆయన కాళ్ల దిక్కు ఆయన బీవీ. ఇక్కడ నక్కో బేటా, ఇక్కడ బండ ఉంది, ఎవ్వర్నీ పెట్టలే." ఎలా గుర్తుందని అడిగాను. "ఎక్కడ తవ్వొద్దో తెల్వకుంటే ఎక్కడ తవ్వాల్నో ఎట్ల తెలుస్తది?" అన్నాడు. కుళాయి కింద దొరికిన రాళ్ల సంగతి చెబితే, "రాళ్లు జరుగుతయ్, మట్టి జరగదు" అని కొట్టిపారేశాడు.

దాదీ ఖబర్ అడిగాను. చూపించాడు. సలామ్ చెప్పి కూర్చున్నాను. చాచా కదల్లేదు. "ఒకామే లేదు బేటా ఇక్కడ" అన్నాడు.

ఇరవై ఏళ్ల కిందట ముసురు పట్టిన ఒక వానాకాలం. బీదర్ దిక్కు నుంచి గాజులమ్ముకుంటూ వచ్చిన కుటుంబం బస్టాండు పక్కన దిగింది. వాళ్ల పాప జ్వరంతో పోయింది. కొత్త భాగమంతా మోకాళ్లలోతు నీళ్లు. మెరక జాగా ఇటే ఉంది, ఇక్కడన్నీ ఎవరో ఒకరి ఖబర్లే. ఎవరూ ఒప్పుకోలేదు. అబ్బా వచ్చి, "మా అమ్మ జాగాలో తవ్వు" అన్నారట.

అబ్బా పోయి ఆరేళ్లు. ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. ప్రతి షబే బరాత్‌కూ నా పక్కనే నిలబడి "వాళ్లందరికీ" అన్నారు తప్ప, అదిగో మీ దాదీ అని చెయ్యి చూపలేదు. కోపమొచ్చిందో ఏడుపొచ్చిందో సరిగ్గా చెప్పలేను.

ఇంటికొచ్చి అమ్మీతో చెప్పాను. అమ్మీ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు. "తెలుసు. ఆ పాపకు కఫన్ బట్ట నేనే ఇచ్చాను" అంది. తర్వాత ఆ పాప పేరు చెప్పింది. "వాళ్లమ్మ తెల్లవార్లూ మన అరుగు మీద కూర్చుని అదే పేరు పిలుస్తూ ఏడ్చింది, ఎట్లా మర్చిపోతాను?" ఆ పేరు ఇక్కడ రాయను. ఆ తల్లి ఎక్కడైనా ఉండి ఉండొచ్చు. రిజిస్టర్‌లో మాత్రం ఉంది.

అమ్మీ జీవితంలో ఒక్కసారి కూడా ఖబరస్తాన్ గేటు దాటలేదు. మా వూళ్లో ఆడవాళ్లెవరూ దాటరు. మూడు నెలలు నేను రాళ్లనీ గోర్కన్‌నీ అడిగాను, ఇంట్లో ఉన్న మనిషిని అడగలేదు. మయ్యత్‌కు గుస్ల్ ఇచ్చేది, కఫన్ కుట్టేది, నలభై రోజులు ఆ ఇంటికి సాలన్ పంపేది వీళ్లే. పేర్లు వీళ్ల దగ్గరుండక ఎక్కడుంటాయి? ఆ జుమేరాత్ మధ్యాహ్నం అమ్మీ మొహల్లాలోని పెద్ద ఆడవాళ్లని మా ఇంటికి పిలిచింది. అరుగు చాలక వాకిట్లో చాపలేశాం. గోర్కన్ చాచా చెప్పిన జాగాలు నేను చదువుతుంటే వాళ్లు పేర్లు, ఎవరి కోడలు, ఏ సాలు కాన్పులో పోయింది, అన్నీ చెప్పారు. నా కూతురు ఫోన్‌లో ఎక్కించింది. దానికి ఉర్దూ చదవడం రాదు. "అబ్బా, ఏ భాషలో రాయను?" అంటే, రేపు చదివేది నీలాంటివాళ్లే, తెలుగులోనే రాయమన్నాను.

ఇదంతా జరుగుతుండగానే ఏప్రిల్‌లో వక్ఫ్ చట్టం మారింది, జూన్‌లో ఉమీద్ పోర్టల్ వచ్చింది. కాగితాల కోసం కమిటీ పరుగులు పెట్టింది. రాసి ఏం చేస్తావన్న వాళ్లే వచ్చి రిజిస్టర్ జిరాక్స్ అడిగారు. ఇచ్చాను. ఎందుకడిగితేనేం.

బక్రీద్ తర్వాత జేసీబీ వచ్చింది. కతబాలున్న రెండు వరసలు వదిలి మిగతాది చదును చేశారు. దాదీ జాగా చదునులోనే పోయింది. అందరికీ పెట్టిన రూలే మాకూను.

ఈసారి షబే బరాత్‌కు ఫాతిహాకు ముందు గేటు దగ్గర నిలబడి రిజిస్టర్‌లోని పేర్లన్నీ చదివాను. చాలాసేపే పట్టింది. వెనక ఎవరో చలి చలి అని గొణిగారు. బయట గోడవారగా చున్నీలు కప్పుకుని ఆడవాళ్లు పది పన్నెండు మంది నిలబడి విన్నారు. చదవడం అయ్యాక బయటికొస్తే అమ్మీ నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"అత్తర్‌వాలా బీవీ పేరు తప్పు చదివావు" అంది.