కాన్‌స్టాంటినోపిల్ గోడల చెంత

మా అమ్మాయి పాఠశాలలో "ప్రపంచ చరిత్రలో నొక సామ్రాజ్యమును, దాని నాయకుని, ఒక యుద్ధమును గూర్చి వ్యాసము వ్రాయుడు" అని బాలికలకు పని యొసగిరి. 1453 సంవత్సరమున తురుష్క సుల్తాను రెండవ మెహ్మదు కాన్‌స్టాంటినోపిల్ నగరమును జయించిన కథను మా అమ్మాయి యెంచుకొన్నది. నాలుగు పుటలు వ్రాసి నాకు చదివి వినిపించినది. తేదీలు సరిగా నున్నవి. ఫిరంగులు, నౌకలు, సైన్యముల సంఖ్యలు అన్నియు నున్నవి. అంతయు విని నేను, "అమ్మాయీ, ఇంత పెద్ద నగరములో ఆడువా రెవ్వరును లేరా?" అని యడిగితిని. అది కొంచెము తెల్లబోయి, "పుస్తకములో లేరమ్మా" అన్నది.

ఆ సెలవులలోనే మావారికి ఇస్తాంబుల్ నగరమున నొక కార్యముండుటచే మే మిరువురమును వెంట బోవు నవకాశము కలిగినది. ఇస్తాంబుల్ అనునది ఆ కాన్‌స్టాంటినోపిలే. పుస్తకములో లేనివారు ఊరిలో నున్నారేమో చూతమని బయలుదేరితిమి.

ఆ నగర ముండు చోటును చూచినచో, రాజు లందరును దానికై యేల పోరాడిరో వేఱుగ చెప్పనక్కఱలేదు. దక్షిణమున మర్మరా సముద్రము, తూర్పున ఐరోపా ఆసియా ఖండములను విడదీయు బాస్పరసు జలసంధి, ఉత్తరమున స్వర్ణశృంగమని పేరుగల సముద్రపు పాయ. పడమట మాత్రమే నేల. నల్లసముద్రమునకు పోవు ప్రతి యోడయు ఈ నగరపు వాకిట నుండియే పోవలెను. రోము చక్రవర్తి కాన్‌స్టాంటైను 330వ సంవత్సరమున దీనిని తన కొత్త రాజధానిగా ప్రతిష్ఠించెను. నాటినుండి 1453 వఱకు, నడుమ పశ్చిమ క్రైస్తవుల చేతిలో చిక్కియున్న 1204-1261 సంవత్సరములు తప్ప, ఇది తూర్పు రోము సామ్రాజ్యమునకు ముఖ్యపట్టణమై యుండెను.

మొదటి దినమున రథముల పందెములు జరిగిన మైదానమునకు పోతిమి. ఇప్పు డది చెట్లును, బల్లలును గల విశాలమైన వీధి. నడుమ ఈజిప్టునుండి తెచ్చి 390లో నిలిపిన శిలాస్తంభము మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నది. ఆ స్తంభము నీడలో కూర్చుండి మా అమ్మాయికి థియొడోరా కథ చెప్పితిని. ఆమె తండ్రి ఈ మైదానములోనే యెలుగుబంట్లను కాచెడివాడు. అతడు చనిపోగా దిక్కులేని తల్లి తన ముగ్గురు చిన్న కూతుండ్ర తలలపై పూదండ లుంచి, జనసమూహము నెదుట నిలువబెట్టి దయ వేడుకొన్నదని ప్రొకోపియస్ అను నాటి చరిత్రకారుడు వ్రాసెను. ఒక పక్షమువారు త్రోసివేసిరట; ఇంకొక పక్షమువారు చేరదీసిరట. ఆ పిల్లలలో నొకతె థియొడోరా. నాటకశాలలో ఆడి బ్రతికిన యా బాలిక తుదకు జస్టీనియన్ చక్రవర్తికి పట్టమహిషి యైనది.

532 జనవరిలో ఇదే మైదానమున ప్రజలు తిరుగబడి నగరమునకు నిప్పు పెట్టిరి. చక్రవర్తి యోడలు సిద్ధము చేయించి పాఱిపోవ నెంచెను. సభలో థియొడోరా లేచి, రాజ్యము చేసినవారికి పరదేశమున దాగి బ్రతుకుటకంటె మరణమే మేలని చెప్పి, అందఱిని నిలిపినదని ప్రొకోపియస్ చెప్పుచున్నాడు. సింహాసనము నిలిచినది. అయితే ఆ నిలుపుటకు ఈ మైదానమున ముప్పదివేలమంది హతులైరని కూడ నాతడే చెప్పుచున్నాడు. ఆమె ధైర్యమును విని కన్నులు మెఱసిన మా అమ్మాయి, ఈ మాట విని తల వంచుకొన్నది. నేను దాచలేదు. చరిత్రలో స్త్రీలను వెదకుట యనగా పూజకు దేవతలను వెదకుట కాదు గదా! దిక్కులేని యువతులను పట్టి అమ్ముకొనువారిని శిక్షించు శాసనము 535లో వెలువడినది. అట్టి స్త్రీలకు బాస్పరసు తీరమున నొక ఆశ్రమమును కట్టించినదియు థియొడోరాయే. ఈ రెండు ముఖములును ఆమెవే.

ఆ తిరుగుబాటులో తగులబడిన దేవాలయమునకు బదులు జస్టీనియన్ కట్టించినదే హేగియా సోఫియా. ఆ మాటకు పవిత్ర జ్ఞానమని యర్థము. 532లో మొదలుపెట్టి 537 నాటికే ముగించిరి. తొలి గుమ్మటము 558లో కూలగా మరల గట్టిరి. 1453 తరువాత నది మసీదైనది. 1935లో ప్రదర్శనశాల యైనది. 2020లో మరల మసీదుగా మార్చబడినది. మేము తలపై కొంగు కప్పుకొని మేడమీదికి పోతిమి. అక్కడినుండి గుమ్మటమును చూచినచో రాతితో గట్టినట్లు తోచదు, వెలుగుపై బోర్లించినట్లు తోచును. నేలనుండి దాని యెత్తు ఇంచుమించు 55 మీటరులు.

ఆ మేడపై గోడయందు బంగరు పలుకులతో కూర్చిన జోయీ మహారాణి చిత్రము గలదు. చెంతనున్న చక్రవర్తి ఆమె మూడవ భర్త. ఆ పురుషుని పేరును చెఱిపి వేఱొక పేరు వ్రాసిన జాడ స్పష్టముగ తెలియును. 1042లో ఆమె దత్తపుత్రుడే రాజై ఆమెను కన్యకాశ్రమమునకు పంపివేసెను. అది విని నగరమంతయు తిరుగబడినది. అంతవఱకు అంతఃపురపు గడప దాటి ఎవరికంటను పడని స్త్రీలు సైతము వీధులలోనికి వచ్చి, గుండెలు బాదుకొనుచు తమ రాణి యేదని కేకలు వేసిరని ఆ కాలమువాడే యగు సెల్లస్ అను పండితుడు వ్రాసియున్నాడు. జోయి మరలి వచ్చి, తన చెల్లెలితో గూడి కొన్ని వారములు రాజ్యము చేసినది. "పుస్తకములో నున్నారే!" అన్నది మా అమ్మాయి. ఉన్నారు, నాలుగు పుటలకు కుదించునపుడే జాఱిపోవుచున్నారు.

మఱునాడు కోటగోడలను చూడబోతిమి. మర్మరా తీరమునుండి స్వర్ణశృంగము దాక ఆఱు కిలోమీటరులకు మించిన పొడవున నవి సాగియున్నవి. మొదట అగడ్త, దాని వెనుక వెలుపలి గోడ, దాని వెనుక నలుబది అడుగుల యెత్తున లోపలి గోడ, దానిపై 96 బురుజులు. మన ఓరుగల్లున మట్టికోట, రాతికోట ఒకదానిలో నొకటి యున్నట్లే ఇవియు నున్నవి. వీనికి థియొడోసియస్ చక్రవర్తి గోడలని పేరు. కాని 413లో వీనిని కట్టునాటికి అతడు పండ్రెండేండ్ల బాలుడు. మఱుసటి యేడు అతని రాజ్యభారమును వహించిన అక్క పుల్కేరియాకును పదునైదు పదునాఱేండ్లకు మించి లేవు. "అమ్మా, నా ఈడే!" అని మా అమ్మాయి గోడపై చేయి వేసి చాలసేపు నిలిచినది. 447లో భూకంపము వచ్చి ఈ గోడ కూలగా, హూణులు వచ్చిపడుదురను భయముతో పౌరులే రెండు నెలలలో దీనిని మరల నిలువబెట్టిరి.

వేయియేండ్లు ఎవరికిని లొంగని గోడ ఇది. 1453 ఏప్రిల్ 6న ఇరువదియొక్క యేండ్ల మెహ్మదు దీని యెదుట గుడారములు వేసెను. లోపల కాచువారు ఇంచుమించు ఏడువేలమంది. వెలుపలివారు అంతకు పదింతలు. ఉర్బాన్ అను హంగేరీ దేశపు పోతపనివాడు తన విద్యను ముందుగా చక్రవర్తి పదునొకండవ కాన్‌స్టాంటైనునకే అమ్మజూపెను. బొక్కసము వట్టిదైన చక్రవర్తి వాని కూలి నిచ్చుకొనలేకపోగా వాడు సుల్తానును చేరి గొప్ప ఫిరంగిని పోసియిచ్చెను. స్వర్ణశృంగపు ముఖమున ఇనుపగొలుసు అడ్డుకట్టియుండగా, ఏప్రిల్ 22న సుల్తాను తన యోడలను క్రొవ్వు పూసిన దుంగలపై కొండదాటించి లోపల దింపించెను. ఇవన్నియు మా అమ్మాయి వ్యాసములో నున్నవే. లేని దొకటి కలదు. పగలు ఫిరంగి కూల్చిన గోడను రాత్రి పూడ్చినవారెవరు? ఆ ముట్టడిని కన్నులార చూచిన బార్బరో అను వెనిసు వైద్యుడు తన దినచర్యలో, స్త్రీలును పిల్లలును రాళ్లు మోసి గోడమీదికి చేర్చిరని వ్రాసికొన్నాడు.

ఇంకొక స్త్రీ యీ కథలో గలదు. ఆమె సెర్బియా రాజపుత్రి మారా. మెహ్మదు తండ్రికి ఆమె నిచ్చి పెండ్లి చేసిరి. 1451లో ఆ భర్త మరణింపగా పుట్టింటికి చేరినది. అపుడు కాన్‌స్టాంటైను చక్రవర్తి ఆమెను వివాహమాడ గోరి రాయబారము పంపెను. సవతితల్లియైన ఆమె మాటను మెహ్మదు గౌరవించును గనుక ఈ సంబంధము నగరమును కాచునని యాశ. తల్లిదండ్రు లొప్పుకొనిరి, ఆమె యొప్పుకొనలేదు. చెఱ విడిచి వచ్చినచో మరల పెండ్లాడనని దైవమునకు మ్రొక్కుకొంటినని చెప్పివేసినది. "ఒప్పుకొనియుండినచో నగరము మిగిలెడిదా?" అని మా అమ్మాయి ప్రశ్న. ఎవరు చెప్పగలరు? రెండు రాజ్యముల నడుమ ఆమె నొకసారి వంతెనగా వేసిరి; రెండవసారి వేయబోగా తొలగి నిలిచినది. ఆమెను తప్పుపట్ట నా నోరు రాలేదు.

మే 29 తెల్లవారకమున్నే గోడ విరిగినది. చక్రవర్తి పోరులో మడసెను. ఆ గోడదగ్గఱినుండి మేము ట్రామెక్కి అరగంటలో మరల హేగియా సోఫియా చేరితిమి. ఆ దినమున సైనికులును ఈ త్రోవనే వచ్చిరి. లోపల తలుపులు మూసికొని స్త్రీలు, పిల్లలు, ముదుసలులు ప్రార్థించుచుండిరి. తలుపులు పగులగొట్టి, వారిని త్రాళ్లతోను, వారి పైటవస్త్రములతోను జంటజంటగా కట్టి బానిసలుగ కొనిపోయిరి. మా అమ్మాయి ఆ పెద్ద తలుపుల యెదుట నిలిచి, "వీరి పేర్లేవి, అమ్మా?" అన్నది. పేర్లు లేవు.

"అయితే మెహ్మదును మెచ్చగూడదా?" అని రాత్రి యడిగినది. తన వ్యాసమున నాతడే నాయకుడు. నేను, "తరువాత నాతడు ఊరిని నింపెను, అంగళ్లు కట్టించెను, క్రైస్తవుల మతగురువును 1454లో మరల నిలిపెను. అదియు వ్రాయుము. తలుపు లోపలి మాటయు వ్రాయుము. రెండును వ్రాసిన పిమ్మట మెచ్చుటయో మానుటయో చదువువారికి విడువుము" అంటిని. అది దీపము ముందట కూర్చుండి కొట్టివేయుచు, వ్రాయుచు చాలసేపు మేలుకొన్నది. తేదీ ఒక్కటియు తీసివేయలేదు. రాళ్లు మోసినవారికి ఒక పుట చేర్చినది.

తిరిగివచ్చు దినమున గోడల దక్షిణపు కొనకు మరల నొకసారి పోతిమి. అక్కడ పాత అగడ్త కొంతమేర పూడి కూరతోట లైనది. సైన్యములను ఆపిన గుంటలో ఒక ముదుసలి ఆకుకూర కోసి కట్టలు కట్టుచుండెను. మా అమ్మాయి ఆమెకు నమస్కరించి ఒక కట్ట కొన్నది. భాష రాదు, ఆమె నవ్వి ఇంకొక కట్ట ఊరకే చేతిలో పెట్టినది.

సోదరీమణులారా, మీ యింటి పిల్లలును ఇట్టి వ్యాసములు వ్రాయుచునే యుందురు. వంటయింటి పని నడుమనైనను ఒకసారి చదివించుకొని వినుడు. విని, ఆ రాత్రి గోడను పూడ్చిన దెవరో యడుగుడు.