సంతకానికి ముందు

జెబెల్ అలీలో కంపెనీల కాగితాలు చూసే గుమాస్తాలం మేము. జీతం ఆగిందని మనవాళ్లు వస్తే ముందు వీసా చూస్తాం. ఫ్రీజోన్‌దైతే తొలి ఫిర్యాదు ఫ్రీజోన్ అథారిటీలో, బయటి కంపెనీదైతే కార్మిక శాఖలో. రాజీ కుదరకపోతేనే దుబాయ్ కోర్టు. 2024 నుంచి 50,000 దిర్హాములు మించని తగాదాను కార్మిక శాఖే తేలుస్తోంది. ఒప్పుకోకపోతే 15 పనిదినాల్లో కోర్టుకెళ్లాలి. లక్ష దిర్హాములు మించని దావాకు కార్మికుడికి కోర్టు ఫీజు లేదు. ఇది తెలియకే చాలామంది ఖర్చుకు జడిసి ఊరుకుంటారు.

కోర్టు భాష అరబ్బీ. మొన్న ఒక తమ్ముడు తన ఓటీ లెక్కంతా పాకెట్ డైరీలో తెలుగులో రాసి తెచ్చాడు. రెండు రాత్రులు కూర్చుని తేదీలవారీగా ఇంగ్లీషులోకి ఎక్కించాం. అరబ్బీ అనువాదం ఇంకా చేయించాలి. ఈలోగా కంపెనీవాళ్లు క్యాన్సిలేషన్ కాగితం చాపారట. బాకీ అంతా ముట్టిందని అందులో ఉంది. డబ్బు చేతికందే దాకా సంతకం పెట్టొద్దన్నాం.