కాఫీ పుట్టినయిల్లు

ఉదయమున గ్రుక్కెడు కాఫీ గొంతు దిగినగాని మన యిండ్లలో ఏ పనియు సాగదు గదా! ఆ గింజ పుట్టినచోటు కన్నులార చూడవలెనని మాకు చిరకాలపు కోరిక. ఇథియోపియా రాజధానియగు అడిస్ అబాబానుండి నైరుతిదిక్కుగా కొండదారిని పయనించి, కఫా సీమలోని బొంగా పట్టణము చేరితిమి.

మరునాడు అడవిలో ప్రవేశించితిమి. మహావృక్షముల నీడలో, నాచుపట్టిన మ్రాకుల నడుమ, మనుష్యుని మించిన యెత్తున సన్నని పొదలు కానవచ్చెను. అవియే అడవి కాఫీ మొక్కలు. ఎవరును నాటినవి కావు. అరకు కొండలలో మిరియపుతీగలు ప్రాకిన సిల్వరు ఓకు చెట్లక్రింద వరుసలుదీరిన తోటలను చూచిన మాకు, ఇవియు కాఫీయేనా యని సందేహము కలిగెను. ఒకదాని లేతాకు రాగిరంగు, ప్రక్కదానిది పచ్చన.

సాయంకాలము ఒక యిల్లాలు మమ్ము ఆదరించినది. నేలపై పచ్చగడ్డి పరచి, సాంబ్రాణి వేసి, గింజలను మా యెదుటనే పెనముపై వేయించి, రోట దంచి, జెబెనా యను మట్టికూజాలో కాచినది. మీదేశమున కాఫీ యెట్లు వచ్చెనని ఆమె దుబాసీచే అడిగించెను. బాబా బుడాన్ అను ఫకీరు 17వ శతాబ్దమున యెమెన్ నుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగుళూరు కొండపై నాటెనని చెప్పుకొందురంటిమి.

"ఏడు గింజలేనా, అమ్మా!" అని ఆమె నవ్వినది.

ఆ నవ్వు మమ్ము ఆలోచింపజేసినది. యూరపువారు అమెరికాకు కొనిపోయినదియు కొలదిమొక్కల సంతతియే. అనగా లోకములోని తోటలలో పెక్కులు దగ్గరి చుట్టములే. అడవిలో అట్లుకాదు. ఈ మొక్క చాలవఱకు తన పుప్పొడితోనే తాను ఫలించును గనుక, ఒక లోయలోని గుణము ఆ లోయలోనే నిలుచును. దేశమును రిఫ్ట్ లోయ యను గొప్ప పగులు చీల్చుచున్నది. దానికి పడమట కఫా. ఆగ్నేయమున బాలే కొండల హరెన్నా అడవి. నడుమనున్న వేడినేలను దాటి కాఫీ వ్యాపింపలేదు. కఫాలో వాన మెండు, హరెన్నాలో తక్కువ. ఒక్కొక్కచోటి వాన, ఎత్తు, ఎండ తమకు తగినదానినే బ్రతుకనిచ్చును. ఇట్లు తరతరములుగా రెండుదిక్కుల మొక్కల జన్యువులు, అనగా తల్లినుండి బిడ్డకు లక్షణములను చేర్చు వంశబీజములు, వేఱువేఱైనవి.

దీనివలన లాభమేమందురా? 1971లో ఆ దేశమున కాఫీకాయలను కుళ్లజేయు తెగులు పుట్టినది. తోటలు పాడగుచుండగా, తెగులు సోకని మొక్కలను వెదకి తీసినది ఈ యడవులలోనే. ఇచ్చటినుండి గొనిపోయిన విత్తనముల సంతతిలో కెఫీను దాదాపు లేని మూడుమొక్కలు కనబడినవని 2004లో బ్రెజిలు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రాత్రి కాఫీ త్రాగి నిద్రపట్టక విసుగుకొను మామగార్లున్న యిండ్లకిది శుభవార్తయే!

కఫా అడవులను యునెస్కో 2010లో రక్షితజీవమండలముగ గుర్తించినది. ఐనను పొలములకై చెట్లు నఱకుట మానలేదు. అంతకంటె కంటికి కనబడని నష్టమొకటి కలదు. ఎక్కువ పంటకై పొదలనడుమ దట్టమును నఱకి, వేఱొకచోటి నారు తెచ్చి నాటుదురు. అప్పుడు అడవి పచ్చగానే యుండును. ఆ లోయకే చెందిన మొక్క మాత్రము క్రమముగా కనుమఱుగగును.

ఆమె మూడవచుట్టు పోసినది. దానిని బెరెకా, అనగా దీవెన, అందురట. పొడి అదే, నీళ్లు కొత్తవి. కాఫీ మిక్కిలి పలుచన. ఐనను ఆమె చేతికప్పును కాదనలేకపోతిమి.