గిటారు వినపడలేదుట!

2019 సంక్రాంతి తీర్థం. మా కె.గంగవరంలో రాత్రి ఆర్కెస్ట్రా. పత్రికలకి రాసుకునే నాకు గిటారంటే పిచ్చి లెండి. రెండో చరణం ముందొచ్చే గిటారు బిట్టు కోసం నెల్లాళ్ళు వేళ్ళు అరగదీసుకున్నాను. తీరా చూస్తే రిథమ్ ప్యాడూ, కీబోర్డూ కలిసి నన్ను మింగేశాయి. ముందు వరసలో కూర్చున్న మా అమ్మ, "నువ్వెప్పుడు వాయించావురా?" అంది!

తప్పు నాదే. నాది వాల్వు ఆంప్లిఫయరు. అదేనండీ, తాతగారి రేడియోలో ఎర్రగా వెలిగే గాజుబుడ్లు, అవే. వాటికో హద్దుంది. అది దాటితే శబ్దం పెద్దగా పెరగదు, జీర పెరుగుతుంది. నేనేమో ఆంప్‌ని అప్పటికే హద్దుదాకా తిప్పేసి, క్లీన్ బూస్ట్ పెడల్ తొక్కాను. గిటారు సిగ్నల్‌ని రంగు మార్చకుండా పెంచడమే దాని పని. 1960ల చివర అమెరికాలో ఒక్క ట్రాన్సిస్టరుతో వచ్చిన ఎలక్ట్రో-హార్మోనిక్స్ ఎల్‌పిబి-1 ఈ బాపతుదే. కానీ నిండిన బిందెలో ఇంకా పోస్తే? పేరుకే క్లీన్, వచ్చిందంతా బురద!

మర్నాడు పక్క ఊళ్ళో ప్రోగ్రాం. ఆంప్ గెయిన్ బాగా తగ్గించి, బిట్టు రాగానే తొక్కాను. తీగ ఖంగుమంది! ప్యాడ్ వాయించే కుర్రాడు తలెత్తి చూశాడు.

అమ్మ మాత్రం ఆ రాత్రి రాలేదు.