సాధన మీద పందెం

ఆగస్టు వచ్చిందంటే అమెరికాలో వాళ్ళ తరహా ఫుట్‌బాల్ ఆడే పెద్ద లీగు జట్లన్నీ శిక్షణ శిబిరాల్లో ఉంటాయి. జట్టుకు 90 మంది చేరతారు. సెప్టెంబరులో అసలు సీజన్ మొదలయ్యేసరికి వాళ్ళలో మిగిలేది 53 మంది. ఈ మధ్యలో జట్టుకు మామూలుగా 3 సన్నాహక మ్యాచ్‌లు జరుగుతాయి. వాటి గెలుపోటములు అసలు సీజన్ పట్టికలోకి ఎక్కవు. 2021కి ముందు ఇవి మామూలుగా నాలుగు ఉండేవి. అసలు సీజన్‌లో ఒక మ్యాచ్ పెంచి, ఇక్కడ ఒకటి తగ్గించారు. ఎవరూ లెక్కలోకి తీసుకోని ఈ ఆటల మీద కూడా పందేలు జోరుగా నడుస్తాయని తెలిసినప్పటి నుంచి నాకు అదే ఆలోచన. సూరత్‌లో, లింబాయత్ గల్లీల్లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య బతికేవాడికి ఆ ఆటతో ఏం పని అని అడగవచ్చు. పనివాళ్ళకు పని నేర్పి బతికేవాణ్ణి కాబట్టి నాకు దానితో చాలా పని పడింది.

మా మేనల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. క్రీడా పందేలను చాలా రాష్ట్రాల్లో అడ్డుకున్న 1992 నాటి చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2018 మే 14న కొట్టేసింది. ఆ కేసు గెలిచింది న్యూజెర్సీయే. మరుసటి నెలలోనే అక్కడ పందేలు మొదలయ్యాయి. వాడి ఆఫీసులో చాలామంది ఫోన్లలో పందెం యాప్‌లు ఉంటాయట. వాడికి మాత్రం ఆటంటేనే ఇష్టం. ఈస్ట్ రూథర్‌ఫోర్డ్‌లో న్యూయార్క్ జెయింట్స్ శిబిరం చూసి వచ్చి నాకు ఫోన్ చేశాడు.

"మామా, ఈ మ్యాచుల గెలువాల్నని ఎవ్వలు రారు. టీముల పేరు ఉండాల్నని వస్తరు. పోరగాండ్లు పానం పెట్టి ఉరుకుతుంటే చూడలేకపోయిన."

ఆ మాట విన్నాక నేను దాని లోతు తెలుసుకోవడం మొదలుపెట్టాను. సన్నాహక మ్యాచ్‌లో కోచ్ తన పేరున్న ఆటగాళ్ళను పక్కన కూర్చోబెడతాడు. దెబ్బ తగిలితే సీజనంతా పోతుంది కదా. మైదానంలో ఉండేది ఎక్కువగా రెండో వరుస, మూడో వరుస కుర్రాళ్ళు. కొత్త ఎత్తు ఒకటి పనిచేస్తుందో లేదో చూడటానికి, ఓడిపోయినా పరవాలేదని, కోచ్ దాన్నే మళ్ళీ మళ్ళీ ఆడిస్తాడు. అందుకే ఇక్కడి ఫలితానికి రేపటి సత్తాతో సంబంధం ఉండదు. 2008లో డెట్రాయిట్ లయన్స్ 4 సన్నాహక మ్యాచ్‌లూ గెలిచి, అసలు సీజన్‌లో 16కు 16 ఓడిపోయింది. 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కు అచ్చం అదే జరిగింది. దానికి తలకిందులుగా, 2005లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ ఆ ఏడాది ఆడిన సన్నాహక మ్యాచ్‌లు అయిదూ ఓడి, సీజన్‌లో 14 గెలిచింది.

మరి పందెం కాసేవాడు దేన్ని చూసి కాస్తాడు? అక్కడ మామూలు లెక్క 110 డాలర్లు పెడితే 100 లాభం. నూటికి 52 కంటే ఎక్కువసార్లు నెగ్గితే తప్ప చేతిలోంచి డబ్బు పోకుండా ఉండదు. ప్రధాన ఆటగాడు ఎంతసేపు ఆడతాడన్న సంగతి కోచ్ నోటి నుంచి రాగానే రేట్లు మారిపోతాయి. అందుకే పందేలు నడిపే కంపెనీలు ఈ మ్యాచ్‌ల మీద పెద్ద మొత్తాలు తీసుకోవడానికి జంకుతాయి. అంటే డబ్బు ఆట మీద లేదు. ఒక మనిషి మనసులో ఏముందో ముందుగా ఎవరికి తెలిసిందన్న దాని మీద ఉంది. ఆడే కుర్రాడికి ఆ మ్యాచ్ బతుకుతెరువు. చూసేవాడికి అది రాత్రికి రాత్రే తేలిపోయే బేరం.

కర్ట్ వార్నర్ అనే ఆటగాడి సంగతి నన్ను కదిలించింది. 1994లో గ్రీన్ బే జట్టు శిబిరం నుంచి అతణ్ణి ఇంటికి పంపించేశారు. అయొవాలో ఒక కిరాణా దుకాణంలో రాత్రిపూట అరల్లో సరుకులు సర్ది బతికాడు. తర్వాత చిన్నా చితకా లీగుల్లో ఆడి, సెయింట్ లూయిస్ రామ్స్‌లో రెండో వరుసకు చేరాడు. 1999 ఆగస్టులో ఒక సన్నాహక మ్యాచ్‌లోనే ఆ జట్టు ప్రధాన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) మోకాలు దెబ్బతింది. బరువు వార్నర్ మీద పడింది. 2000 జనవరిలో ఆ జట్టు ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. ఆ మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు అతనే. 1994 శిబిరంలో అతని మీద ఎవరైనా ధర కట్టి ఉంటే ఎంత కట్టేవారు? నేర్చుకుంటున్న మనిషి విలువ ఆ రోజు ఆటలో కనపడదు.

ఇక మా సంగతి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మా పద్మశాలీలు తరాలుగా సూరత్‌కు వస్తున్నారు. ఇక్కడి నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే మా జనం ఎంతమందో ఊహించుకోవచ్చు. ఊరి నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు సాంచా ముందు నిలబడితే ముందు వాడి చెవులు పోతాయి. పక్కవాడు అరిచినా వినపడదు, సైగలే దిక్కు. పడుగులో ఒక పోగు తెగుతుంది. వేల పోగుల్లో అది ఏదో కంటితో పట్టాలి. కొస దొరకబుచ్చుకుని, దాని కన్నంలోంచే లాగి, వేళ్ళ మధ్య నలిపి ముడి వేయాలి. పక్క కన్నంలోకి పోనిచ్చాడో, గుడ్డ మీద నిలువునా గీత పడుతుంది. చేయి తిరిగినవాడు ఆ పని చేస్తుంటే వేళ్ళు కదిలినట్టే ఉండదు. కొత్తవాడికి అదే ముడి చెమటలు పట్టిస్తుంది. ఈలోగా పక్క సాంచాలో కండె అయిపోతుంది. వాడు నేసిన గుడ్డను వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే చిల్లులు, గీతలు కనిపిస్తాయి. ఆ గుడ్డ తక్కువ ధరకే పోతుంది. పోనివ్వాలి. ఆ తప్పులన్నీ పడితేనే వాడి చేతికి పని వస్తుంది.

అదే కుర్రాడు పన్నెండు గంటల షిఫ్టు దిగి, చాయ్ బండి దగ్గర ఫోన్ తీసి, ఎక్కడో జరిగే ఊరూపేరూ లేని క్రికెట్ మ్యాచ్ మీద సట్టా కాస్తాడు. ఆడేదెవరో వాడికి తెలియదు. తర్వాతి ఓవర్‌లో ఎన్ని పరుగులన్నదే వాడికి కావాలి. వారం కూలీ అలా పోగొట్టుకుని, ఇంటికి డబ్బు పంపలేక మొహం చాటేసిన పిల్లల్ని మా వీధిలోనే చూశాను. పందెం కోసమే ఆట పుడితే ఏమవుతుందో 2022 జూలైలో మా గుజరాత్ పోలీసులే బయటపెట్టారు. మెహసానా జిల్లా మోలీపుర్‌లో ఒక పొలం అద్దెకు తీసుకుని, లైట్లు కట్టి, కూలీ కుర్రాళ్ళకు ఐపీఎల్ జట్ల జెర్సీలు తొడిగి, మ్యాచ్‌కు 400 రూపాయలిచ్చి ఆడించారు. అరుపులు ఇంటర్నెట్ నుంచి తెచ్చి వినిపించారు. రష్యాలో పందెంగాళ్ళు అది నిజమని నమ్మారు. ఎప్పుడు ఔటవ్వాలో అంపైర్ సైగ చేస్తే ఆ కుర్రాళ్ళు ఔటయ్యారు. వాళ్ళలో నిజంగా బంతి తిప్పగలిగినవాడు ఒకడున్నా, ఆ పొలంలో వాడికి నేర్చుకునే దారి లేదు.

చట్టాలు వచ్చాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడించే ఆటలు నడిపేవాళ్ళకు 3 ఏళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవాణ్ణి శిక్షించకపోవడం నాకు సబబుగానే అనిపించింది. వాడు ఇప్పటికే నష్టపోయి ఉన్నాడు. కానీ ఒక యాప్ మూస్తే మరొకటి తెరుచుకుంటుంది. ఆ కుర్రాడికి తన పని మీద, తన చేతి మీద నమ్మకం కుదిరితేనే అదృష్టం వైపు చూడటం తగ్గుతుంది.

ఆ నమ్మకం కుదరడానికి సమయం కావాలి. ఎవరూ లెక్క కట్టని సమయం. ఫుట్‌బాల్ శిబిరం నాకు నేర్పింది ఇదే. గెలుపోటములు రాసుకోని కొన్ని రోజులు ఉంటేనే మనిషి తప్పు చేసి, దిద్దుకుని, ముందుకు పోగలడు. ఆ రోజుల మీద కూడా డబ్బు కాస్తే, తప్పు చేసే ధైర్యమే చచ్చిపోతుంది. సాంచాల్లో కూలీ మీటరు లెక్కన ఉంటుంది. చేయి తిరగని కుర్రాడికి మొదటి రోజు నుంచే ఆ లెక్క పెడితే, వాడు ముడి సరిగ్గా వేయడం మానేసి మీటర్ల వెంట పరుగెత్తుతాడు. చాలీచాలని కూలీ చేతికొచ్చాక సట్టా వైపు చూస్తాడు. అందుకే నా దగ్గర కొత్తగా చేరినవాడికి మొదటి నెల మీటరు లెక్క లేదు, రోజు కూలీ. చెడిపోయిన గుడ్డ నష్టం నాది. పని నేర్పేవాళ్ళు, బడుల్లో పాఠం చెప్పేవాళ్ళు, మైదానంలో పిల్లల్ని ఆడించేవాళ్ళు అందరూ నేర్చుకునేవాడికి ఈపాటి గడువు ఇవ్వాలని నా కోరిక.